గట్టిమేళం ఊపిరి

ఊపిరి గదిలో మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు, కారం తినకూడదు. తలుపుకు లోపలివైపు అంటించిన కాగితం మీద ఇవన్నీ పెద్ద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు యల్లమందకు ఫక్కున నవ్వొచ్చింది. ఛాతీకి అప్పటికింకా పట్టీ కట్టలేదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చేరిన రోజే ఉద్యోగం ఊడేది.

యల్లమందకు అరవై ఒక్క ఏళ్లు. నరసరావుపేట దగ్గరి పల్లెటూరివాడు. ముప్పై ఐదేళ్లు పెళ్లిళ్లలో, గుళ్లలో సన్నాయి ఊదాడు. ఇప్పుడు గుంటూరు శివార్లలో, ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక ఆసుపత్రిలో పని. ఏం పనయ్యా అని ఊళ్లో ఎవరైనా అడిగితే "ఊపిరి పీల్చుకుంటా" అనేవాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని వాళ్లు ఇంకోమాట అడగకుండా వెళ్లిపోయేవారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

కింది అంతస్తులోకి నాలుగో రోగి వచ్చిన రోజు పొద్దున సలోమి పట్టీ పట్టుకుని గదిలోకి వచ్చింది. సలోమి ఆ గదికి టెక్నీషియను. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. తండ్రి లేని పిల్ల కావడం చేతనో ఏమో, వారం తిరక్కుండానే ఆయన్ని బాబాయ్ చేసేసుకుంది.

"చేతులెత్తు బాబాయ్. బిగువుగా ఉందా?"

"మొన్నటికన్నా లావయ్యాననుకుంటా. నీ పప్పన్నం మహిమ."

"మాట్లాడాల్సినవి ఇప్పుడే మాట్లాడేసుకో. మీట నొక్కేస్తన్నా."

మీట నొక్కగానే పట్టీ ఒక్కసారి ఛాతీని గట్టిగా పట్టుకుంది. యల్లమంద ఉలిక్కిపడ్డాడు. గత ముగ్గురిలో ఎవరి ఛాతీ ఇంత బిరుసుగా లేదు. కింది అంతస్తులో, పేరు తెలియని ఆ మనిషి ఊపిరితిత్తులు ఎంత మొండికేస్తే ఇక్కడ పట్టీ అంత బిగుస్తుంది. ఇక్కడ ఈయన ఎంత పీలిస్తే అక్కడ మిషను ఆ మనిషి ఛాతీలోకి అంత గాలి పంపుతుంది. పట్టీ బిగిసినప్పుడు తనకు తెలియకుండానే ఈయన ఊపిరి చిన్నదవుతుంది. వదులైనప్పుడు కాస్త సాగుతుంది. మధ్యమధ్య ఒక నిట్టూర్పు వస్తుంది. ఆ నిట్టూర్పుకే ఊపిరితిత్తుల్లో మూసుకుపోయిన మూలలు తెరుచుకుంటాయని డాక్టర్ ఇందుమతి కనిపెట్టింది.

మామూలు మిషను గోడగడియారం మాదిరి ఒకే కొలతతో గాలి కొడుతుంది. జబ్బుపడ్డ ఊపిరితిత్తి ఆ కొట్టుడుకు ఇంకా గట్టిపడిపోతుంది. అందుకని ఇందుమతి బతికున్న మనిషి ఊపిరిని తోడివ్వాలనుకుంది. మొదట యోగా మాస్టార్లను తెచ్చింది. వాళ్లు పీల్చే ప్రతి ఊపిరీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది, గోడగడియారానికీ వాళ్లకూ తేడా లేకపోయింది. తర్వాత ఈతగాళ్లు వచ్చారు, కొంత నయం. చివరికి ఏదో పెళ్లిలో సన్నాయి వాయించేవాడు డోలు మనిషి వైపు చూస్తూ ఊపిరి సర్దుకోవడం ఆమె కంటపడింది. ఎదుటివాడి దెబ్బను బట్టి తన ఊపిరి మార్చుకోవడం అక్కడ ముప్పై ఏళ్ల అలవాటు. మర్నాటి నుంచి ఆమె పల్నాటి ఊళ్లన్నీ తిరిగి మేళగాళ్లను వెతికింది.

యల్లమంద దొరకడానికి పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లిళ్లకు స్పీకరు డబ్బాపాటలూ, బ్యాండు సెట్లూ వచ్చాక మేళం చెదిరిపోయింది. డోలు కొండలు హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడు. శ్రుతి పట్టేవాడు కాలం చేశాడు. భార్య తిరపతమ్మ మిరపకాయల కొట్లలో తొడాలు తీసీ తీసీ, ఆ ఘాటు కోరు పీల్చీ పీల్చీ ఛాతీ చెడగొట్టుకుంది. ఆఖరి పద్దెనిమిది రోజులు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో మిషను మీద ఉంది. యల్లమంద అద్దంలోంచి చూసేవాడు. ఆమె ఛాతీ లేచి పడుతుండేది, ఒకే కొలతతో. నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అది ఆమె ఊపిరి కాదు. ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియక ఎవరితోనూ చెప్పలేదు. ఇందుమతి వచ్చి విషయం వివరించినప్పుడు సగంలోనే, "వస్తానమ్మా" అన్నాడు.

రోగి కోలుకునేదాకా, పదిహేను రోజులైనా ఇరవై రోజులైనా, ఒకే మనిషి తోడుండాలి. నిద్రలోనూ పట్టీ ఉంటుంది. ఊపిరితిత్తి ఒక ఊపిరికి అలవాటుపడ్డాక మరొకటి పెడితే ఎదురుతిరుగుతుంది. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు, మిషను తనంతట తాను నడిపిస్తుంది. స్నానమైనా, మాటలైనా ఆ పది నిమిషాల్లోనే. మిగతా వేళల్లో ఏదన్నా కావాలంటే పలక మీద రాయాలి. యల్లమంద అయిదో తరగతి చదివాడు, రాత కుదురుగానే ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైన నియమం కాగితం మీద లేదు. కిందున్నది ఎవరో చెప్పరు. ఆడో మగో, పెద్దో చిన్నో, అసలేమీ చెప్పరు. తెలిస్తే జాలో భయమో వేసి ఊపిరి మారిపోతుందట. ఇప్పటికి ముగ్గురు కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ప్రతిసారీ సలోమి వచ్చి "వెళ్లారు బాబాయ్" అనేది, అంతే. యల్లమంద కూడా సంచి సర్దుకుని బస్సెక్కి తన ఊరికి పోయేవాడు. ఇంటి తాళం తీసి, దీపం పెట్టి, సన్నాయి తీసి, నోట పెట్టుకునే పీక తడిపి ఒక అరగంట వాయించేవాడు. ఆ ఇంట్లో ఆయనకు బదులు పలికేది ఇప్పుడు అదొక్కటే. పక్కింటి అచ్చమ్మ గోడ మీంచి, "వచ్చినట్టున్నావే యల్లమందా" అనేది. సన్నాయి వినబడకపోతే ఆయన వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగో మనిషి ఛాతీ వారం రోజులైనా దారికి రాలేదు. అయినా యల్లమందకు ఆ బిరుసు అలవాటైపోయింది. పొద్దున పూట పట్టీ కొంచెం వదులయ్యేది. మధ్యాహ్నం మళ్లీ బిగిసేది. సాయంత్రం ఒకటి రెండుసార్లు ఆ మనిషి తనంతట తాను పీల్చబోయి మానేసినట్టు పట్టీ అదిరేది. అప్పుడు యల్లమంద ఓపిగ్గా ఆగేవాడు. కొత్తగా మేళంలో చేరినవాడు తాళం తప్పితే పాతవాళ్లు సందిచ్చి కలుపుకుంటారు చూడండి, అలా.

ఎనిమిదో రోజు విరామంలో సలోమిని అడిగాడు.

"మొండి మనిషేనే తల్లీ. ఎవురో గానీ."

"నన్నడగబాక బాబాయ్. నాకూ తెలవదు, నేనూ పైనే ఉంటా."

"తెలిసినా చెప్పవులే."

"చెప్పను" అని నవ్వింది. "అయినా నీకెందుకంత?"

"తొమ్మిదో రోజొస్తంది. ఇన్ని రోజులు ఒకే కంచంలో తిన్నోళ్లని కూడా పేరడగరా?"

సలోమి పట్టీ మళ్లీ బిగించి, మీట నొక్కి, చెయ్యి ఒకసారి ఆయన భుజం మీద వేసి వెళ్లిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున పదిన్నర దాటింది. ఆసుపత్రి వెనక గోడకు ఆనుకుని ఒక కల్యాణమండపం ఉంది. అక్కడ రోజూ డబ్బాపాటలే. మూసిన కిటికీలోంచి దడదడమని అదురు మాత్రం తెలిసేది, యల్లమంద పట్టించుకునేవాడు కాదు. ఆ రోజు మాత్రం సన్నగా, ఉండీ లేనట్టుగా, సన్నాయి వినబడింది. మనిషి ఊదుతున్న సన్నాయి. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. గోడవతల ఎవరో కుర్రాడు కల్యాణి వాయిస్తున్నాడు. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా స్వరం ఇసుమంత కిందికి జారుతోంది. పీక కొత్తదయి ఉంటుంది.

పలక తీసుకుని "కిటికీ" అని రాసి సలోమికి చూపించాడు. ఆమె తెరమీద ఆయన ఊపిరి గీతలు చూసింది. అన్నీ కుదురుగా ఉన్నాయి. ఎనిమిది రోజులుగా ఏదీ అడగని మనిషి అడిగాడు. కిటికీ రెక్క ఒకటి తీసింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చాలా సంతోషపడ్డాడు. గీతలు కూడా సంతోషంగానే సాగాయి, ఏ ప్రమాదమూ లేదు. రాగం ఆగింది. కాసేపు మంత్రాలు. ఆ తర్వాత ఒక పెద్ద గొంతు, పురోహితుడిదే కాబోలు, పిలిచింది.

"గట్టిమేళం! గట్టిమేళం!"

తాళి కట్టే క్షణాన తుమ్మో, ఏడుపో, అపశకునపు మాటో ఎవరి చెవినా పడకూడదని, ఆ కేక వినగానే మేళమంతా ఒక్కసారిగా ఉన్నంత బలంతో వాయించాలి. మేళగాడు అన్నం తింటున్నా సరే, చెట్టుకింద చుట్ట కాలుస్తున్నా సరే, ఆ మాట పడితే సన్నాయి నోట్లోకి వెళ్లిపోవాలి. ఆలోచించి చేసే పని కాదది. ఆలోచిస్తే మూడో ముడి పడిపోతుంది.

యల్లమంద ఒళ్లు కూడా ఆలోచించలేదు. పొట్ట నిండా గాలి లాగింది. వదలకముందే ముక్కుతో ఇంకొక గుక్క లాగింది, దానిమీద ఇంకొకటి. ఆపకుండా ఊదేవాళ్లందరూ అలాగే లాగుతారు, బుగ్గల్లో గాలి బయటికి పోతుంటే ముక్కుతో కొత్తది దొంగిలిస్తారు. చేతులు గాల్లో లేచాయి. వేళ్లు చేతిలో లేని సన్నాయి మీద వరసగా ఆనాయి.

ఛాతీ మీద పట్టీ బండలా బిగిసి, టక్కున వదిలేసింది. సలోమి బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది. ఆమె అరిచిన అరుపు గట్టిమేళంలో కలిసిపోయింది.

ఆ తర్వాత మెట్లమీద పరుగులు వినబడ్డాయి. ఆయన్ని ఎవరూ చూడలేదు. పట్టీ ఖాళీ సంచిలా వేలాడుతోంది. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆయన ఛాతీని ఎవరూ పట్టుకుని లేరు. తిరపతమ్మ పోయిన రోజు ఇంటికొచ్చి తాళం తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కిటికీ అవతల పెళ్లివాళ్లు అక్షింతలు చల్లుకుంటూ కేరింతలు కొడుతున్నారు.

మధ్యాహ్నానికి ఇందుమతి పైకి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నిదానంగా మాట్లాడుతుంది. ఆ రోజు కుర్చీలో కూర్చుని కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది.

"ప్రాణం ఉంది. ఊపిరితిత్తి చిరిగి గాలి బయటికి వచ్చేసింది. ఛాతీలో గొట్టం వేశాం. ప్రస్తుతానికి మామూలు మిషను మీద పెట్టాం."

యల్లమంద తల దించుకున్నాడు.

"మీరు భయపడకండి. మిషనులో వాల్వు ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. సలోమి కిటికీ తీయడం తప్పే. దుమ్ము గానీ తేమ గానీ తగిలిందేమో చూస్తున్నారు. ఆమెను సంజాయిషీ రాసిమ్మన్నారు."

గదిలో ఓ మూల సలోమి నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన వైపు చూడటం లేదు.

నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుంది. ఆ ఆలోచన యల్లమందకు రాకపోలేదు. గాల్లో లేచిన చేతుల్ని సలోమి తప్ప ఎవరూ చూడలేదు. ఆమె చూసి కూడా చెప్పలేదని ఇప్పుడు అర్థమైంది. చెబితే ఈ గది పోతుంది. మిగిలేది తాళం వేసిన ఇల్లు.

"వాల్వు గాదమ్మా" అన్నాడు. "నేనే."

"మీరా?"

"గట్టిమేళం అన్నారు. ఊదాను." చేతులెత్తి చూపించాడు. "కిటికీ తియ్యమంది గూడా నేనే. పలక మీద రాశాను. ఆ పిల్లనేమీ అనమాకండి. ఉద్యోగం తీసేత్తే నాది తీసెయ్యండి."

ఇందుమతి ఆయన చేత రెండుసార్లు చెప్పించుకుంది. తెరమీద ఆ అరనిమిషం గీతలను వెనక్కి తిప్పి చూసింది. మొదటి ఊపిరిని మిషను నిట్టూర్పు అనుకుని దారిచ్చింది. దానిమీద రెండోది, మూడోది వచ్చి పడ్డాయి. వెళ్లడానికి సందు లేక గాలి లోపలే పేరుకుంది.

"దగ్గు, తుమ్ము, ఆవులింత, నిట్టూర్పు, ఇవన్నీ దానికి నేర్పాం" అంది చివరికి. "ఈ ఊపిరి ఒకటుందని మాకే తెలియదు. మేళగాళ్లను తెచ్చుకుని, మేళం గురించి ఒక్క మాట అడగలేదు చూడండి."

తప్పు తనదని అంత పెద్ద డాక్టరు ఒప్పుకోవడం యల్లమందకు ఏమంత ఊరటనివ్వలేదు. చిరిగింది ఆమె ఛాతీ కాదు కదా.

రెండు రోజులు గడిచాయి. ఆయన్ని ఇంటికి పొమ్మనలేదు, గదిలోకి రమ్మనలేదు. కింద క్యాంటీను పక్కనున్న బల్ల మీద కూర్చునేవాడు. సలోమి టీ తెచ్చిచ్చేది. ఆమె ఉద్యోగం నిలబడింది గానీ ముఖంలో నెత్తురు లేదు.

"ఎట్టా ఉంది తల్లీ?"

"బాగా లేదంట బాబాయ్. బాపట్ల నుంచి ఈత మాస్టారిని పిలిపించారు. అరగంట కూడా పట్టలా, ఒంట్లో ఆక్సిజను పడిపోయింది. తీసేశారు."

"నా ఊపిరికి అలవాటు పడిపోయుంటది."

"అదే అంటన్నారు."

ఆ సాయంత్రం ఇందుమతి తన గదికి పిలిపించింది. తలుపు వేసి, ఎదురుగా కూర్చోబెట్టి, చెప్పాల్సింది సూటిగా చెప్పింది. మామూలు మిషను మీద ఇంకో మూడు రోజులు కష్టం. ఆ ఊపిరితిత్తి యల్లమంద ఊపిరినే ఒప్పుకుంటుంది. కానీ చిరిగిన చోట ఇంకొక్కసారి అలాంటి గాలి తగిలితే అక్కడికక్కడే ప్రాణం పోతుంది.

"కిటికీ మూసేత్తే చాలదా అమ్మా? ఇంకో గదిలో పెట్టండి. చెవుల్లో దూది పెట్టుకుంటా."

ఇందుమతి కాగితం ఒకటి ముందుకు జరిపింది. దాని మీద గీతలున్నాయి. ఆరో రోజువి. ఒకచోట రెండు ఊపిర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కబోయి ఆగిపోయాయి.

"అప్పుడు మీరు నిద్రపోతున్నారు. కిటికీ మూసే ఉంది."

యల్లమంద ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కలలో వాయించి ఉంటాడు. ఎన్నో కలల్లో వాయిస్తాడు. కొండలు పక్కనే ఉంటాడు, తిరపతమ్మ ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని చూస్తూ ఉంటుంది. ఆ కలలకు తలుపు ఎక్కడుందని మూస్తాడు?

"ఒక దారుంది" అంది ఇందుమతి. "మెడ పక్కన ఒక నరం ఉంటుంది. దాన్ని సూదితో కొంత మొద్దుబారిస్తే మామూలు ఊపిరికి ఇబ్బంది లేదు. నడుస్తారు, పని చేసుకుంటారు, మెట్లెక్కితే కాస్త ఆయాసం. ఆ గుక్క మీద గుక్క లాగడం మాత్రం కుదరదు."

"మళ్లీ వత్తదా?"

"చిన్నవాళ్లకైతే ఏడాదికి రావచ్చు. మీ వయసులో రాదనే అనుకోవాలి." ఆమె కళ్లద్దాలు తీసింది. "నేను మిమ్మల్ని చేయమనడం లేదు, యల్లమంద గారూ. నిజంగా అనడం లేదు. కాదంటే ఎవరూ ఒక్క మాట అనరు. రేపు పొద్దున చెప్పండి."

"సన్నాయి ఇంక రాదన్నమాట."

"రాదు."

ఆయన నవ్వబోయాడు. "ఎవురు పిలుత్తన్నారులే అమ్మా ఇప్పుడు."

ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఎవరూ పిలవకపోయినా వాయించే మనిషికి పిలుపులతో పనేముంది? ఇల్లు గుర్తొచ్చింది. తాళం తీసి, దీపం పెట్టి, ఆ తర్వాత ఏం చేయాలి? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? గోడవతల అచ్చమ్మకు తను వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? అంతకన్నా, ఒక్కడే కూర్చుని ఊదుతున్నప్పుడు, పాట చివర సందు వదిలితే అక్కడ డోలు దెబ్బ పడినట్టే ఉంటుంది ఆయనకు. చచ్చినవాళ్లూ దూరంగా పోయినవాళ్లూ ఆ సందులోకి వచ్చి కూర్చుంటారు. సన్నాయి పోతే ఆ సందు కూడా పోతుంది. పట్టీ లేదు కాబట్టి, ఎవరికీ హాని లేదు కాబట్టి, ఆ గదిలో కూర్చుని కరువుతీరా ఏడ్చాడు. ఇందుమతి లేచి నీళ్లు తెచ్చిచ్చింది.

"ఒక మాట చెప్పమ్మా. ఆ మనిషి ఎవురో నాకు చెప్పబాక. బతుకుతారా?"

"మీరు తోడుంటే బతుకుతారనే నా నమ్మకం. రాసివ్వలేను."

"రేప్పొద్దుటిదాకా ఎందుకు? ఇప్పుడే కానియ్యండి."

"తొందరపడకండి. కావాలంటే ఇంటి నుంచి సన్నాయి తెప్పిస్తాను. మేడ మీదికెళ్లి ఒక్కసారి వాయించుకోండి. తర్వాతే సూది."

యల్లమంద తల అడ్డంగా తిప్పాడు. "వద్దమ్మా. ఒక్కసారి నోట్లో పెట్టుకున్నాననుకో, సూది ఏయించుకోను. నన్ను నేనెరగనా?"

సూది పెద్దగా నొప్పి పెట్టలేదు. చలిలో చెయ్యి మొద్దుబారినట్టు మెడ నుంచి పక్కటెముకల దాకా ఏదో మొద్దుబారింది. లేచి కూర్చున్నాక గట్టిగా ఒక గుక్క లాగి చూశాడు. సగంలో ఆగిపోయింది. ఇంకోసారి చూడలేదు.

సలోమి పట్టీ కట్టింది. ఈసారి మాటలేమీ లేవు. మీట నొక్కే ముందు ఆమె వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే గదమాయించాడు.

"లే లే, ఏందా పని. అవతల మనిషి కాచుక్కూచుంటే."

పట్టీ బిగిసింది. ముందుకంటే బిరుసుగా, ఒక పక్కకు లాగుతూ, దెబ్బతిన్నట్టుగా ఉంది. యల్లమంద ఊపిరి చిన్నది చేసుకున్నాడు. కొంతసేపటికి ఆ బిగువు ఆయన్ని గుర్తుపట్టినట్టు కుదురుకుంది. గుర్తుపట్టడం ఏమిటి, ఊపిరితిత్తికి కళ్లున్నాయా అని డాక్టర్లు నవ్వొచ్చు. నవ్వనీండి. పక్కవాయిద్యం కలిసిన క్షణం మేళగాడికి తెలుస్తుంది.

పదకొండు రోజులు అలా నడిచింది. గదికి కిటికీ లేదు. కొత్త గది అది, గోడలకు దూది పరుపులు కుట్టారు. విరామాల్లో కూడా యల్లమందకు మాటలు తగ్గాయి. సలోమి ఇంట్లో సంగతులేవో చెబుతుంటే తల ఊపేవాడు. కలల్లో మేళం వచ్చేది, సన్నాయి నోట పెట్టుకునేవాడు, గాలి సగంలో ఆగేది, మెలకువ వచ్చేది. తెరమీద గీత ఒక్కటి కూడా చెదరలేదు. సాయంత్రాలు ఆ మనిషి తనంతట తాను పీల్చే ప్రయత్నాలు ఎక్కువయ్యాయి. రెండు, తర్వాత నాలుగు, తర్వాత పది. ప్రతిసారీ యల్లమంద ఆగి సందిచ్చేవాడు. సందిచ్చిన ప్రతిసారీ ఆ ఊపిరి కాస్త దూరం వెళ్లి వెనక్కి వచ్చేది.

పన్నెండో రోజు పొద్దున వెళ్లిన ఊపిరి తిరిగి రాలేదు. యల్లమంద పీల్చాడు, పట్టీ ఊరుకుంది. ఆయన వదిలినప్పుడు అది ఎత్తుకుంది. ఇద్దరి తాళం వేరైపోయింది. అవతల వేగంగా, చిన్నచిన్నగా, తప్పులు పోతూనే, ఒక మనిషి సొంతంగా పీల్చుకుంటోంది లేదా పీల్చుకుంటున్నాడు. ఇలాంటి క్షణం ఇంతకుముందు మూడుసార్లు చూశాడు. అప్పుడు ఒట్టి సంతోషమే. ఈసారి సంతోషం వెనకే, చీకట్లో చేతిలోంచి చెయ్యి జారినట్టు, ఒక దిగులు వచ్చింది.

సలోమి వచ్చి పట్టీ విప్పింది.

"అయిపోయింది బాబాయ్. గొట్టం తీసేశారు. డాక్టరమ్మ కింద ఏడుత్తంది, ఎవరూ చూడకుండా."

"నయమా?"

"నయమే. నీళ్లడిగారంట." నాలుక కరుచుకుంది. అంతకంటే చెప్పకూడదు.

యల్లమంద స్నానం చేసి, పంచె మార్చుకుని, సంచి సర్దుకున్నాడు. ఇందుమతి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. నియమాలు రాసిన మనిషే, నియమం పక్కన పెడతానంది. "చూస్తారా? అద్దంలోంచి చూపిస్తాను. మీకు ఆ హక్కుంది."

ఆయన కాళ్లు అటు లాగాయి. తిరపతమ్మను చూసిన అద్దం కళ్ల ముందు మెదిలింది.

"వద్దులే అమ్మా. చూత్తే ముఖం గుర్తుంటది. ఎక్కడన్నా ఎదురైతే పలకరించబుద్దవుద్ది. వాళ్లకు నేనెవుర్ని?"

బస్సుకు ఇంకా రెండు గంటలుంది. మెట్లు దిగేసరికే ఆయాసం వచ్చి, కింది అంతస్తు వరండాలో ఆగాడు. లోపలి వార్డులో ఉన్న రోగుల తాలూకు మనుషులు గోడల వెంబడి చాపలు పరుచుకుని, క్యారియర్లూ దుప్పట్లూ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎనిమిది పది కుటుంబాలుంటాయి. ఇందులో ఒకరికి ఈ రోజు మంచి కబురు అందే ఉంటుంది. యల్లమంద ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్లాడు. ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్న కుర్రవాడు కావచ్చు. స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్న ఆడమనిషి కావచ్చు. ఎవరైనా కావచ్చు. బయటికి పోయే తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

చివరి చాప మీద ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఆయన నిలబడి రొప్పడం చూసి పలకరించింది.

"మీవోళ్లెవరయ్యా లోపల?"

"ఉన్నారమ్మా ఒకరు."

"ఎట్టా ఉంది?"

"నయమే. ఇయ్యాల పొద్దున మిషను తీశారు. సొంతంగా పీలుత్తన్నారు."

"పోన్లే, చల్లటి మాట చెప్పావు. మా మనవడికి ఇంకా తియ్యలా." ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "నీకేమవుతారు?"

యల్లమంద ఆలోచించాడు. ఇరవై రోజులు తన గాలి పీల్చిన మనిషి, తను చంపబోయిన మనిషి, ముఖం తెలియని మనిషి. అలాంటివాళ్లను పిలవడానికి వరస ఏదీ తోచలేదు.

"మా మేళంలో..." అని సగంలో ఊపిరి చాలక ఆగాడు. నిదానంగా ఇంకోసారి పీల్చుకుని, "మా మేళంలో మనిషమ్మా" అన్నాడు.

ఆవిడ చాప మీద కొంచెం పక్కకు జరిగింది. యల్లమంద సంచి కిందపెట్టి కూర్చున్నాడు.